చెక్క విమానంలో వాటా తీసుకోవచ్చా? అందరూ భయపెడుతున్నారు

#1 నీలికంఠం

అందరికీ నమస్కారం. లైసెన్సు వచ్చి రెండేళ్లయింది. ఎగిరిన గంటలు నూటపాతిక లోపే, అన్నీ అల్యూమినియం విమానాల్లోనే. ఇప్పుడొక పాత రెండు సీట్ల విమానంలో వాటా తీసుకునే అవకాశం వచ్చింది. 1960ల నాటిది. రెక్కలు, బాడీ, తోక అన్నీ చెక్కే, పైన గుడ్డ. ఒకసారి నడిపి చూశాను. నేను నేర్చుకున్న విమానానికి నా మాట వినడానికి అరక్షణం పట్టేది. ఇది మాత్రం నేను అనుకునేలోపే తిరిగేస్తోంది.

క్లబ్బులో చెప్పానో లేదో, "చెక్కా? నీకేమైనా పిచ్చా?" అన్నారు. ఒక పెద్దాయనైతే "గాల్లో ఉండగా జిగురు ఊడితే దేన్ని పట్టుకుంటావయ్యా" అని నవ్వేశారు. ఆ మాట రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. చెక్క నిజంగానే బలహీనమా? కాకపోతే ఈ చెడ్డపేరు ఎలా వచ్చింది? కొనేముందు ఏం చూడాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 గాలివాటం

పడక్కుర్చీలో కూర్చుని ఎగరడమన్నమాట. చెదలు పట్టకుండా చూసుకోండి :)

#3 రివెట్‌గన్

జోకు పక్కన పెడదాం. ముప్పై ఏళ్లుగా రేకు విమానాలు బాగుచేస్తున్నాను కాబట్టి నా మాట కాస్త ఒకవైపు మొగ్గుతుంది, అది ముందే ఒప్పుకుంటున్నా. చెక్క బలహీనమని నేననను. నా పేచీ వేరే. రేకు తన జబ్బు తానే చెప్పుకుంటుంది. రివెట్, అంటే రేకుల్ని కలిపే మేకు, వదులైతే చుట్టూ నల్లటి పొడి రాలుతుంది, తుప్పు పడితే పెయింట్ పొంగుతుంది, ఎక్కువ బరువు పడితే ముడత కనబడుతుంది. చెక్క రెక్క బయటికి అద్దంలా మెరుస్తూనే లోపల చివికిపోయి ఉండొచ్చు. అది తెలియాలంటే కోసి చూడాలి. కోయనిచ్చే యజమాని ఎంతమంది ఉంటారు? వాటా అన్నారు కాబట్టి ఇంకో మాట: మీకు అనుమానం వచ్చినా మిగతా వాటాదారులు ఒప్పుకుంటేనే కత్తి పెట్టాలి. అది ముందే మాట్లాడుకోండి.

#4 సగంఇంజనీర్

ముందు బలం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే క్లబ్బుల్లో దీని మీదే ఎక్కువ కబుర్లు పుడతాయి.

విమానాల్లో ఎక్కువగా వాడే కలప సిట్కా స్ప్రూస్. నీటితో పోలిస్తే దాని సాంద్రత 0.4 చిల్లర. అల్యూమినియం 2.78, ఉక్కు 7.85. గట్టిదనం, అంటే లాగితే ఎంత సాగకుండా నిలబడుతుందన్నది, స్ప్రూస్‌కు పోగు వెంట, అంటే చెక్క నార సాగే దిశలో, 10 గిగాపాస్కల్స్ దగ్గర్లో, అల్యూమినియానికి 73, ఉక్కుకు 200. ఒక్కోదాన్నీ దాని సాంద్రతతో భాగించి చూడండి. మూడింటికీ 24 నుంచి 26 మధ్యే వస్తుంది! మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను. ప్రకృతి ఏదో కిటుకు చేసినట్టుంటుంది.

లాగుడు బలంలోనూ బరువుకు తగ్గ బలం చూస్తే స్ప్రూస్, అల్యూమినియం దాదాపు సమానం. నొక్కుడులో మాత్రం చెక్క వెనకబడుతుంది, లాగుడులో ఉన్న బలంలో సుమారు సగమే. అందుకే చెక్క రెక్క లోపలి స్పార్, అంటే రెక్క పొడవునా బరువు మోసే దూలం, చూస్తే పై పట్టీ కింది పట్టీ కన్నా లావుగా ఉంటుంది. ఎగిరేటప్పుడు రెక్క పైకి వంగుతుంది కదా, పై పట్టీ నొక్కుకుపోతుంది, కింది పట్టీ సాగుతుంది. రేకు స్పార్లు మాత్రమే చూసినవాళ్లు దీన్ని చూసి తయారీలో తప్పేమో అనుకుంటారు.

చెక్క నిజంగా గెలిచే చోటు పైతొడుగు. 1.5 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ ఒక చదరపు మీటరు సుమారు ఒక కిలో తూగుతుంది. అదే బరువులో అల్యూమినియం రేకు కావాలంటే మందం 0.37 మిల్లీమీటర్లే. పలక వంగకుండా నిలబడటం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి చెక్క స్వతహాగా అంత గట్టిది కాకపోయినా ఆ ప్లైవుడ్ పలక ఆ రేకు కన్నా ఆరేడు రెట్లు గట్టి. రేకు రెక్క మీద వేలు పెట్టి నొక్కితే డబ్బా మూతలా టప్పున లోపలికి పోతుంది. ప్లైవుడ్ రెక్క అలా పోదు. నీలికంఠం గారికి "అనుకునేలోపే తిరిగేసింది" అనిపించడంలో దీని పాత్ర కొంత ఉండొచ్చు, మిగతాది డిజైన్ మహిమ.

#5 రివెట్‌గన్

లెక్కలు బాగున్నాయి. బోల్టు పెట్టే చోట ఏమవుతుందో కూడా చెప్పండి మరి.

#6 సగంఇంజనీర్

దొరికిపోయాను. నిజమే, చెక్కకు అది బలహీనత. బోల్టు రంధ్రం అంచున ఒకేచోట బరువు పడితే చెక్క నలుగుతుంది, రంధ్రం కోలగా సాగుతుంది. పోగుకు అడ్డంగా లాగితే బలం మరీ తక్కువ, వెంట ఉన్నదాంట్లో ఎన్నో వంతుకు పడిపోతుంది. అందుకే ఫిట్టింగులున్న చోట గట్టి కలపో, మందపాటి ప్లైవుడ్డో అదనంగా అతికిస్తారు. స్పార్ పక్క పలకల ప్లైవుడ్‌ను 45 డిగ్రీల కోణంలో పెడతారు, కోత బలం, అంటే పలకను ఎదురెదురుగా జార్చే ఒత్తిడిని తట్టుకునే బలం, ఆ దిశలోనే ఎక్కువ కనుక. పైన చెప్పిన లాభంలో కొంత ఈ అతుకుల బరువు తినేస్తుంది.

#7 చరిత్రపిచ్చోడు

చెడ్డపేరు కథ నేను చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1931 మార్చి 31. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో బజార్ అనే ఊరి దగ్గర ఒక ఫోకర్ ఎఫ్-10 ప్రయాణికుల విమానం రెక్క విరిగి కూలిపోయింది. ఎనిమిది మందీ చనిపోయారు. వాళ్లలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ కోచ్ క్నూట్ రాక్నీ ఒకరు. అప్పట్లో ఆయన పేరు తెలియని అమెరికన్ ఇల్లు లేదు. ఆ విమానం రెక్క చెక్కది, పైన ప్లైవుడ్ తొడుగు. లోపలికి చేరిన తేమ జిగురు అతుకుల్ని దెబ్బతీసిందన్నది నిందల్లో ముఖ్యమైనది. తొడుగు ఊడదీయకుండా లోపల చూసే దారే లేదన్నది ఇంకో నింద. రివెట్‌గన్ గారి పేచీ 90 ఏళ్ల నాటిదన్నమాట! రెండేళ్లకే, 1933లో, పూర్తి లోహపు బోయింగ్ 247 ఎగిరింది, డగ్లస్ డీసీ-1 ఎగిరింది. చెక్కతో పెద్ద ప్రయాణికుల విమానం కట్టే రోజులు దాదాపు అక్కడితో ముగిశాయి.

అయితే ఒక్క ప్రమాదంతోనే అంతా మారిందంటే నేనొప్పుకోను. అప్పటికే లోహం అంటే కొత్త యుగం, చెక్క అంటే పాతకాలం అన్న భావన జనంలో నాటుకుపోయింది. ఓడలు ఉక్కువయ్యాయి, వంతెనలు ఉక్కువయ్యాయి, విమానమూ కావాలి. ఆ కోరికకు రాక్నీ ప్రమాదం సాక్ష్యమైంది.

పదేళ్లలోపే చెక్క మళ్లీ తిరిగొచ్చింది, అది కూడా యుద్ధంలోకి. బ్రిటన్ యుద్ధవిమానం డి హావిలాండ్ మస్కిటో 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరింది. రెండు బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్క. ఈరోజు కార్బన్ ఫైబర్ విమానాల్లో శాండ్‌విచ్ అంటున్నది అదే ఆలోచన. మొత్తం 7,700కు పైగా కట్టారు, వచ్చిన కొత్తలో శత్రు ఫైటర్లు దాన్ని అందుకోలేకపోయాయి. అదే కంపెనీ జెట్ ఫైటర్ వాంపైర్ 1943 సెప్టెంబరులో ఎగిరింది. పైలట్ కూర్చునే భాగం అందులోనూ ప్లైవుడ్, బాల్సాయే. జెట్ ఇంజన్ ముందు చెక్క గూడు!

#8 గాలివాటం

మస్కిటోలు ఎండకు జిగురు కరిగి రాలిపోయాయని విన్నానే?

#9 చరిత్రపిచ్చోడు

సగం నిజం. 1944లో ఆసియా యుద్ధరంగంలో కొన్ని మస్కిటోలు గాల్లోనే విడిపోయిన మాట వాస్తవం, కొన్నాళ్లు నేలమీదే ఆపేశారు కూడా. ముందు అందరి వేళ్లూ ఎండ, వాన వైపే చూపించాయి. విచారణ చేస్తే ఫ్యాక్టరీలో భాగాలు సరిగ్గా కుదరక అతుకుల్లో ఖాళీలు మిగిలిపోయిన రెక్కలూ బయటపడ్డాయి. జిగురు ఖాళీని నింపలేకపోతే అక్కడ ఉన్నది అతుకు కాదు, అతికినట్టు కనపడే గాలి. దాని మీద ఎండా వానా పడితే ఇంకేముంది.

జిగురు కథల్లో ఘోరమైనవి జర్మనీవి. అక్కడ విమానాలకు టెగో ఫిల్మ్ అనే మంచి జిగురు ఉండేది. దాన్ని చేసే ఫ్యాక్టరీ బాంబు దాడిలో పోయింది. బదులుగా తెచ్చిన జిగురులోని ఆమ్లం చెక్కనే తినేసింది. హైంకెల్ హెచ్ఈ 162 అనే జెట్ 1944 డిసెంబరు 6న మొదటిసారి ఎగిరింది. నాలుగు రోజుల తర్వాత, 10న, అధికారుల ముందు ప్రదర్శన ఇస్తుండగా అతుకులు ఊడి రెక్క ముందుభాగం విడిపోయింది, పైలట్ చనిపోయాడు.

ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. రష్యన్ ఫైటర్ లాగ్-3ది కూడా చెక్క ఒళ్లే. ఆ పేరులోని అక్షరాలకు వాళ్ల పైలట్లు "వార్నిష్ పూసిన గ్యారంటీ శవపేటిక" అని అర్థం చెప్పుకునేవారట. నింద చెక్క మీదే. కానీ అదే ఒంటికి 1942లో ఇంకో పెద్ద ఇంజన్ తగిలించారు, పేరు లా-5. ఆ యుద్ధంలో పేరు తెచ్చుకున్న ఫైటర్లలో అదొకటి. చెక్క మారలేదు, ఇంజన్ మారింది, పేరు మారిపోయింది.

#10 పాతచిత్రిక

ఇన్ని కథల్లో చెక్క తనంతట తాను ఓడిపోయిన కథ ఒక్కటైనా ఉందేమో చూడండి. నీళ్లు, జిగురు, ఇంజన్, తొందర.

నేను చెక్క గ్లైడర్లు (ఇంజన్ లేని విమానాలు), చిన్న విమానాలు బాగుచేస్తుంటాను. నీలికంఠం గారూ, మీ విమానం గురించి మీరు మొదట అడగాల్సింది "ఏ జిగురుతో అతికించారు?" అని. పాతకాలం వాటిలో కేసీన్, అంటే పాల నుంచి తీసేది. పొడిగా ఉన్నంతకాలం బాగుంటుంది, తడి తగిలితే బూజు పట్టి పొడిపొడి అవుతుంది. ఆ తర్వాత యూరియా ఫార్మాల్డిహైడ్ రకాలు వచ్చాయి. జర్మన్ గ్లైడర్లలో కౌరిట్ అనేది చాలా వాడారు. ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా వేడీ తేమా మారుతున్న చోట, అది పెళుసెక్కుతుంది. గాజులా పగిలిన అలాంటి అతుకుల్ని నా చేతుల్తో ఊడదీశాను. అప్పుడు ఆ రెక్క కింద కూర్చుని ఎగిరినవాళ్ల ముఖాలు గుర్తొచ్చాయి.

తర్వాతది రిసార్సినాల్. ముదురు ఊదారంగు గీతలా కనిపిస్తుంది, గుర్తుపట్టడం తేలిక. ఉడికే నీళ్లలో వేసినా చలించదు. కానీ దానికి అతుకు బాగా కుదరాలి, క్లాంపులు గట్టిగా బిగించాలి, గది వెచ్చగా ఉండాలి. చేసేవాడి బద్ధకాన్ని అది క్షమించదు. ఎపాక్సీ కొంత క్షమిస్తుంది, చిన్న ఖాళీల్ని నింపుతుంది. దానికి పడనిది వేడి. ముదురు రంగు వేసిన రెక్క ఎండలో నిలబడితే లోపల ఎపాక్సీ మెత్తబడుతుంది. చెక్క విమానాలు ఎక్కువ తెల్లగా ఎందుకుంటాయో ఇప్పుడర్థమైందా?

మంచి అతుకును విరగ్గొడితే జిగురు దగ్గర విరగదు, పక్కనున్న చెక్క చీలుతుంది, రెండువైపులా పోగులు అంటుకుని వస్తాయి. చెడ్డ అతుకు నున్నగా, శుభ్రంగా, మెరుస్తూ విడిపోతుంది. శుభ్రంగా ఉందని మురిసిపోకూడని చోటు అదొక్కటే.

#11 సగంఇంజనీర్

జిగురు దగ్గర ఒక చిన్న మాట. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ మరమ్మతుల పుస్తకం ఏసీ 43.13-1బీలో మొదటి అధ్యాయమే చెక్క. దాంట్లో అన్ని అవసరాలూ తీర్చేదిగా సిఫారసు చేసింది రిసార్సినాల్‌నే. పోగు వాలు, అంటే పోగు ముక్క అంచు నుంచి పక్కకు ఒరిగే తీరు, 15కు 1 మించకూడదనీ, అతికించేటప్పుడు చెక్కలో తేమ 8 నుంచి 12 శాతం ఉండాలనీ లెక్కలన్నీ అక్కడున్నాయి.

#12 గాలివాటం

మరి మా పక్క హ్యాంగర్‌లో ఆయన రెక్క మొత్తం ఎపాక్సీతోనే కట్టాడు. ఇరవై ఏళ్లయింది, ఎగురుతూనే ఉన్నాడు. పుస్తకం తప్పా, ఆయన తప్పా?

#13 పాతచిత్రిక

రెండూ కాదు. ఆ పుస్తకం 1998 నాటిది. ఆయన ఇంట్లో కట్టుకున్న విమానానికి ఆయన డిజైనర్ ఒప్పుకున్న జిగురు చాలు. ఫ్యాక్టరీ విమానాన్ని బాగుచేసేటప్పుడు మాత్రం తయారీదారు చెప్పిందే వేదం. దీని మీద వేరే చర్చలో వంద పోస్టులు కొట్టుకున్నాం, మళ్లీ మొదలెట్టకండి నాయనా.

#14 రివెట్‌గన్

సరే, జిగురు సంగతి ఒప్పుకున్నా. మరి చెక్కే పగిలిన సంగతి? అమెరికాలో సిటాబ్రియా, డెకాథ్లాన్ కుటుంబపు విమానాల చెక్క స్పార్ల మీద ఎఫ్ఏఏ 2000-25-02 అనే ఆదేశం ఇచ్చింది, పగుళ్ల కోసం తనిఖీ చెయ్యాలని. అది జిగురు కాదు, కలపే. ఆ కుటుంబపు విమానాలకు మెటల్ స్పార్ కూడా వచ్చింది. పల్టీలు కొట్టే ఫ్రెంచి విమానం క్యాప్ 10 చూడండి. చెక్కదే, అద్భుతమైన విమానం, కాదనను. కానీ తర్వాతి రకం క్యాప్ 10సీలో స్పార్‌కు కార్బన్ ఫైబర్ పెట్టారు. అంత బాగుంటే మార్చడమెందుకు?

#15 పాతచిత్రిక

మంచి ప్రశ్న. దీన్ని దాటేసి వెళ్లే చెక్క భక్తులంటే నాకూ పడదు.

మీరు చెప్పేవాటిలో భయపడాల్సింది నొక్కుడు పగులు. చెక్క పోగులు గొట్టాల్లాంటివి. శక్తికి మించి నొక్కితే నలిగి ముడతపడతాయి. పోగుకు అడ్డంగా వెంట్రుకంత గీత పడుతుంది, అంతే. స్పార్ విరగదు, వంగదు, పైకి ఏమీ తెలియదు. కానీ ఆ గీత దగ్గర లాగుడు బలం చాలావరకు పోయినట్టే. తర్వాత ఎప్పుడో రెక్క అటువైపు సాగినప్పుడు తెగుతుంది. వార్నిష్ మీద అది కనబడాలంటే టార్చిని స్పార్ మీద దాదాపు పడుకోబెట్టి, వెలుగు అడ్డంగా పడేలా పట్టుకుని చూడాలి. నేరుగా వెలుగు వేస్తే పది గంటలు చూసినా దొరకదు.

చాలాసార్లు ఆ గీత గాల్లో పుట్టదు, నేలమీద పుడుతుంది.

#16 మేఘమాల

ఇది మా క్లబ్బులో జరిగింది కాబట్టి చెప్తున్నా. చెక్క గ్లైడర్‌ను కారుతో లాక్కెళ్తుంటే రెక్క చివర కంచె గుంజకు తగిలింది. మనిషి నడిచేంత వేగం. రెక్క చివర రంగు లేచిందంతే. నేనూ ఇంకో ఇద్దరం చూసి "ఏం కాలేదు" అనుకున్నాం. మర్నాడు ఎగరడానికి జాబితాలో పేర్లు కూడా రాసేశాం. మా ఇన్‌స్పెక్టర్ గారు ఒప్పుకోలేదు. "తగిలిన చోట కాదమ్మా చూడాల్సింది" అని, తగిలిన చోటికి రెండు మీటర్లు లోపల గుడ్డ కోయించారు. అక్కడ దొరికింది. పాతచిత్రిక గారు చెప్పినట్టే, వెంట్రుక లాంటి గీత, స్పార్‌కు అడ్డంగా. ఆయన వేలు పెట్టి చూపిస్తే గానీ నాకు కనపడలేదు. ఆ మర్నాటి జాబితాలో మొదటి పేరు నాదే.

ఆరు నెలలు పట్టింది బాగుచేయడానికి. ఆ గ్లైడర్ ఇప్పటికీ ఎగురుతోంది, నేనూ ఎగురుతున్నాను దాంట్లో. కానీ రెక్క చివర ఎవరైనా చెయ్యి వేసి ఆనుకుంటే ఇప్పటికీ కసురుకుంటాను.

#17 రివెట్‌గన్

అమ్మా, ఇదే నేను చెప్పేది. రేకు రెక్కయితే ఆ దెబ్బకు ముడత పడి అందరికీ కనిపించేది.

#18 సగంఇంజనీర్

ఆ దెబ్బకు కనిపించేది, నిజమే. మరి అలసట పగులు? 2018 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ దగ్గర ఒక శిక్షణ విమానం, పైపర్ పీఏ-28ఆర్, గాల్లోకి లేవగానే రెక్క ఊడి కూలింది. ఇద్దరు పోయారు. స్పార్ కింది పట్టీలో బోల్టు రంధ్రం దగ్గర మొదలైన అలసట పగులు. ముందురోజు వరకు బయటికి ఏమీ చెప్పలేదు. అల్యూమినియంలో ప్రతి వంపూ లెక్కలోకి వస్తుంది. చిన్న బరువైనా లక్షసార్లు పడితే ఎక్కడో ఒకచోట బీట మొదలవుతుంది. చెక్కకు ఈ జబ్బు చాలా తక్కువ. చెట్టు పుట్టినప్పటి నుంచి గాలికి ఊగుతూనే పెరిగింది కదా! అందుకే చాలా చెక్క విమానాలకు ఇన్ని గంటలు ఎగిరాక రెక్క పారేయాలన్న గడువు ఉండదు.

#19 రివెట్‌గన్

ఒప్పుకుంటా. రేకుకు గంటలు లెక్కపెట్టాలి, చెక్కకు వానలు లెక్కపెట్టాలి. నీలికంఠం గారూ, లాగ్‌బుక్కులో గంటలు తక్కువున్నాయని మాత్రం మురిసిపోకండి. తక్కువ ఎగిరిందంటే ఎక్కువకాలం ఎక్కడో పడి ఉందని అర్థం. ఎక్కడ పడి ఉందో అడగండి.

#20 నీలికంఠం

అడిగాను. పదకొండేళ్లు మూసిన హ్యాంగర్. అంతకుముందు ఆరేళ్లు బయట, కవర్ కింద. అంతకుముందు ఎవరికీ తెలియదు. జిగురు ఏదో యజమానికి తెలియదు, "బాగా అతికే ఉంది కదా" అన్నారు.

#21 పాతచిత్రిక

కవర్ కింద ఆరేళ్లు. హ్మ్. కవర్ వానను ఆపుతుంది, కానీ కింద ఆవిరిని కూడా ఆపేస్తుంది. సరే, భయపడకుండా ఇలా చెయ్యండి.

వెళ్లేటప్పుడు పలచటి టార్చి, చిన్న అద్దం, తేమ మీటరు తీసుకెళ్లండి. అన్నిటికన్నా ముందు ముక్కు. తనిఖీ మూత తెరవగానే ముఖం పెట్టి వాసన చూడండి. మంచి చెక్క రెక్క లోపల వార్నిష్, పాత బీరువా వాసన వస్తుంది. బూజు వాసన వస్తే మిగతా తనిఖీకి ముందే సగం సమాధానం దొరికినట్టు. ఎలుక వాసన కూడా చెడ్డదే, వాటి మూత్రం జిగురుకూ చెక్కకూ విషం.

తర్వాత రెక్క కింద పడుకోండి. నీళ్లు కారిపోవడానికి ప్రతి గదికీ అడుగున చిన్న రంధ్రం ఉండాలి. మళ్లీ పెయింట్ వేసినవాళ్లు నున్నగా ఉండాలని వాటిని మూసేస్తారు. నేను చూసిన కుళ్లులో సగం దీనివల్లే. నీళ్లెప్పుడూ కిందికీ వెనక్కీ చేరతాయి, కాబట్టి రెక్క మొదట్లో వెనక స్పార్ దగ్గర, బాడీలో తోక వైపు అడుగున, సీటు కింద చూడండి. ఉక్కు ఫిట్టింగుల చుట్టూ చెక్క నల్లగా ఉందా? చల్లటి లోహం మీద తేమ చేరి, బోల్టు వెంట లోపలికి దిగి, తుప్పుతో కలిసి ఆ రంగు తెస్తుంది. తేమ 20 శాతం దాటి చాలాకాలం ఉంటే కుళ్లు పట్టొచ్చు.

ప్లైవుడ్ మొత్తాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ వెళ్లండి. టక్ టక్ అని పలికేది మంచిది, డొక్ అని పలికేది కాదు. రెక్క చివర పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఊపి, మొదట్లో చెవి పెట్టండి. కిర్రుమంటే ఎక్కడో అతుకు కదులుతోంది.

ఇవన్నీ మీరు చేసినా, చెక్క తెలిసిన ఇన్‌స్పెక్టర్ చేత మళ్లీ చేయించండి. రేకు మాత్రమే తెలిసినాయన వద్దు. రివెట్‌గన్ గారూ, కోప్పడకండి.

#22 రివెట్‌గన్

కోపమెందుకు, నన్ను పిలిచినా ఇదే చెప్పేవాణ్ని.

#23 నీలికంఠం

మూడు వారాల తర్వాత వచ్చాను. చెక్క గ్లైడర్లు చూసే ఇన్‌స్పెక్టర్ ఒకాయన దొరికారు. రోజంతా పట్టింది.

ఎడమ రెక్క బాగుంది, తేమ మీటరులో అంతటా 11, 12 శాతమే. బాడీ బాగుంది. కుడి రెక్క మొదట్లో, వెనకవైపు, రెండు రంధ్రాలు పెయింట్‌తో మూసుకుపోయి ఉన్నాయి. అక్కడ తేమ 19. అద్దం పెట్టి చూస్తే ప్లైవుడ్ అడుగున నల్లటి మరక. ఆయన రిబ్బు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ ముక్క) మూలనున్న చిన్న చెక్క ముక్కను వేలితో అలా అన్నారు, చేతిలోకి వచ్చేసింది. నున్నగా, శుభ్రంగా, మెరుస్తూ. పాతచిత్రిక గారూ, మీరు రాసింది గుర్తొచ్చి కడుపులో తిప్పింది.

నేను వద్దనుకుని వచ్చేద్దామనుకున్నాను. విచిత్రంగా యజమానే "తెరిచి చూద్దాం, నాకూ తెలియాలి" అన్నారు. ఆదివారం గుడ్డ కోస్తున్నారు.

#24 పాతచిత్రిక

ఆ మాటన్న యజమానిని వదులుకోకండి. ఒక ముక్క ఊడినంత మాత్రాన రెక్క పోయినట్టు కాదు. స్పార్ అతుకులు ఏ స్థితిలో ఉన్నాయన్నదే లెక్క. ఫొటోలు పెట్టండి.

#25 నీలికంఠం

తెరిచాం. మొదటి మూడు రిబ్బుల మేర గుడ్డ తీశారు. మొత్తం నాలుగు చిన్న అతుకులు వదిలేశాయి, అన్నీ ఆ రెండు మూసుకుపోయిన రంధ్రాల గదుల్లోనే. ప్లైవుడ్ అడుగు ముక్క ఒకటి మార్చాలి. వెనక స్పార్, ముందు స్పార్ రెండూ శుభ్రం. ఇన్‌స్పెక్టర్ గారు ఉలి మొనతో అక్కడక్కడా పొడిచి చూశారు, గట్టిగా ఉంది. మిగతా రెక్కలో కూడా ఇంకో రెండు చోట్ల తెరిచి చూస్తామన్నారు. తయారీదారు పత్రాల్లో జిగురు పేరు కూడా దొరికింది, ఆయన చూసి తల ఊపారు.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మూడో రిబ్బు మీద కట్టినవాళ్లు పెన్సిల్‌తో వేసుకున్న కొలతలు ఇంకా ఉన్నాయి. ఒక అంకె కొట్టేసి పక్కన వేరే అంకె రాసుకున్నారు. అరవై ఏళ్లుగా ఎవరూ చూడలేదు దాన్ని.

ఆరు ఫొటోలు పెట్టాను.

#26 రివెట్‌గన్

నాలుగో ఫొటో పెద్దది చేసి చూడండి. పెన్సిల్ అంకెలకు కాస్త ఎడమన, స్పార్ పై పట్టీ మీద, పోగుకు అడ్డంగా ఒక సన్నటి గీత ఉంది. నీడేనా?

#27 మేఘమాల

నాకూ కనపడింది. వాళ్లను అది మళ్లీ చూడమనండి, ఇప్పుడే.

#28 నీలికంఠం

ఇక్కడ గుండె ఆగింది. ఇన్‌స్పెక్టర్ గారికి ఫోన్ చేశాను. గుడ్డ ఇంకా మూయలేదు, రేపు పొద్దున్నే వస్తానన్నారు.

#29 నీలికంఠం

టార్చి పడుకోబెట్టి, భూతద్దం పెట్టి చూశాం. గీత ఉంది, నీడ కాదు. ఆయన స్పిరిట్‌తో తుడిచారు, పోలేదు. గరుకు కాగితం పెట్టి పైన వార్నిష్ మాత్రం మెల్లగా తీశారు. గీత వార్నిష్‌తోపాటే వచ్చేసింది. కుంచె వెంట్రుక. ఎవరో కట్టేటప్పుడు రాలిన వెంట్రుక వార్నిష్‌లో చిక్కుకుపోయింది. కింద చెక్క పోగులు తిన్నగా ఉన్నాయి. ఆయన ఇంకో పావుగంట అటూ ఇటూ వెలుగు తిప్పి చూశాకే లేచారు.

#30 రివెట్‌గన్

హమ్మయ్య. అక్కడ మళ్లీ వార్నిష్ రెండు పూతలు వెయ్యమనండి. ఆ రెండు రంధ్రాలు ఈసారి మీరే దగ్గరుండి తెరిపించండి.

#31 గాలివాటం

వాటా ఇంకా ఖాళీ ఉందా? మూడో మనిషి కావాలేమో అడుగుతున్నా.